తిన్నది వంటబట్టాలిగా!

అమ్మ ముగ్గు వంకరపోతోందని మొదట కనిపెట్టింది నేను కాదు, మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య. 'పెద్దమ్మగారు ఈమధ్య గీత సరిగ్గా లాగలేకపోతున్నారమ్మా' అంది ఓ పొద్దున పాల ప్యాకెట్లు అందిస్తూ. అమ్మకి అరవై ఎనిమిది. వయసు కదా అనుకున్నాను. ఆఫీసుకి టైమైపోతోంది, ఆ మాట అక్కడే వదిలేసి పరిగెత్తాను.

రెండేళ్ల కిందటి సంగతి ఇది. నాన్న పోయాక అమ్మని పాలకొల్లు నుంచి హైదరాబాద్ తెచ్చేసుకున్నాను. రానంటే రానంది మొదట. ఆడపిల్ల ఇంట్లో ఊరికే కూర్చుని తినకూడదన్న పాతకాలపు పట్టింపు ఆవిడది. 'నువ్వేం ఊరికే తినక్కర్లేదు, నీ మనవరాలిని బడి నుంచి తీసుకురా, కరివేపాకు మొక్కకి నీళ్లు పొయ్యి' అని ఒప్పించాను. వచ్చింది. బియ్యం కడిగిన నీళ్లు పోసిపోసి బాల్కనీలో కుండీని చిన్నపాటి వనం చేసింది. కానీ తనేమో ఏడాది తిరిగేసరికి సగమైపోయింది.

పిన్ని కూతురి పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర అందరి ముందూ అనేసింది పిన్ని... 'ఏంటక్కా, కూతురి దగ్గరుండి ఇలా పుల్లలా అయిపోయావ్!' అని. నవ్వుతూనే అందిలెండి. కానీ విస్తట్లో బూరె నా గొంతు దిగలేదు. ఆ రాత్రి అన్నయ్య ఫోన్. 'అమ్మ సరిగ్గా తింటోందా?' అన్నాడు. అంతే అన్నాడు. నాకు మాత్రం 'నువ్వు సరిగ్గా పెడుతున్నావా?' అని వినపడింది.

అప్పట్నుంచీ నాకు అదో పిచ్చి పట్టింది. మాల్టు పొడి డబ్బాలు కొన్నాను, షుగరున్నవాళ్లకి వేరేగా ఉంటుందట, రెట్టింపు ధర. రాగిజావ, మొలకెత్తిన పెసలు, వారానికి నాలుగు గుడ్లు, ఆదివారం ఆవిడకిష్టమైన కొరమేను పులుసు. మధ్యాహ్నం నేనింట్లో ఉండను కదా, సాయంత్రం రాగానే గిన్నెల మూతలు తీసి ఎంత మిగిలిందో లెక్కచూసుకునేదాన్ని. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, ఓసారి చెత్తబుట్ట కూడా వెతికాను, అన్నం పారేస్తోందేమోనని. ఏమీ లేదు. తింటోంది. శుభ్రంగా తింటోంది. అయినా చిక్కిపోతోంది. మాటల మధ్యలో పేర్లు మర్చిపోతోంది. నడుస్తుంటే కాలి చెప్పు ఊడిపోయినా తెలియక ఒంటి చెప్పుతో వచ్చేస్తోంది. 'నాలుక మండుతోందే, కూరలో కారం తగ్గించు' అంటే, అదో చాదస్తమనుకున్నాను.

వీధి చివర డాక్టరు కళ్లు కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. మూడు నెలలు మింగింది. మలబద్ధకం తప్ప ఏమీ రాలేదు.

ఓ రాత్రి అమ్మ పళ్లెంలో అన్నం కలుపుకుంటూ ఉంది. నేను రోజంతా ఆఫీసులో పడిన చిరాకంతా మోసుకొచ్చి ఆవిడ ముందు కుమ్మరించాను. 'నా ఇంటి తిండి నీకు వంటబట్టట్లేదా అమ్మా? ఇంకా ఆ ఆడపిల్ల సొమ్ము పట్టింపేనా? మనసులో అదే పెట్టుకుని తింటే ఏం పడుతుంది ఒంటికి?' అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. కలిపిన ముద్ద పళ్లెంలో అలాగే పెట్టి చెయ్యి కడిగేసుకుంది. ఆవిడ ముద్ద వదిలేయడం నా పుట్టుకలో చూడలేదు నేను.

సరిగ్గా ఆ వారంలోనే మా అమ్మాయికి సైన్సు పరీక్ష. ఏడో తరగతి. పోషణ పాఠం. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ వల్లెవేస్తోంది... 'అంతర్గ్రహణం, జీర్ణక్రియ, శోషణం, స్వాంగీకరణం, మలవిసర్జన'. మన చిన్నప్పటి పాఠమేనండీ, మాటలు కూడా మారలేదు. ఆహారం లోపలికి తీసుకోవడం, దాన్ని చిన్నచిన్న ముక్కలు చేసుకోవడం, పేగు గోడల్లోంచి రక్తంలోకి పీల్చుకోవడం, ఆ వచ్చిన సరుకుతో ఒళ్లు తనని తాను కట్టుకోవడం, అక్కర్లేనిది పారేయడం. ఈ మొత్తానికీ పేరు పోషణ. దానికి నాలుగో మాట నోరు తిరగట్లేదు. 'అమ్మమ్మా, స్వాంగీకరణం అంటే ఏంటి?' అంది. చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్న అమ్మ తలెత్తకుండానే చెప్పింది. 'వంటబట్టడమేగా!'

నేను లాప్‌టాప్ ముందు కూర్చుని వింటున్నాను. నాలుగు రోజుల కిందట నేను విసిరిన మాటే అది. సిగ్గేసింది. సిగ్గుతోపాటు మరొకటీ తట్టింది. తినడం మొదటి మెట్టు. వంటబట్టడం నాలుగోది. నేను ఇన్నాళ్లూ మొదటి మెట్టు దగ్గరే కూర్చుని గిన్నెలు లెక్కపెడుతున్నాను. రెండూ మూడూ ఎవరు చూశారు?

పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడా నా ఈడుదే. అమ్మ ఏమేం తింటుందో నేను వరసపెట్టి చెబుతుంటే ఓపిగ్గా విని, 'తిండి సంగతి అర్థమైంది. ఏ మాత్రలు వేసుకుంటారో చెప్పండి' అన్నారు. సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టాను. షుగరుకి మెట్‌ఫార్మిన్... పదకొండేళ్లుగా. పరగడుపునే ఓ గ్యాస్ మాత్ర... ఎప్పుడో పదిహేను రోజులకని రాసింది, హాయిగా ఉందని అమ్మ ఆరేళ్లుగా కొనుక్కుని వేసుకుంటూనే ఉంది. డాక్టరుగారు అమ్మ నాలుక చాపమన్నారు. ఎర్రగా, నున్నగా ఉంది, గరుకన్నదే లేదు. తర్వాత ఓ ఇనుప శ్రుతిదండం తీసి మోగించి అమ్మ చీలమండ మీద ఆనించారు. మా అమ్మాయి స్కూలు ల్యాబులో ఉండేలాంటిదే. 'అదురు తెలుస్తోందా అమ్మా?' 'ఏం అదురండీ?' అంది అమ్మ. నాకు గుండె జారింది. ఆ దండం జుయ్యిమంటుండటం నాకు బల్ల ఇవతలికి వినపడుతోంది.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.6. విచిత్రమేమిటంటే ఎర్ర కణాలు తక్కువే గానీ, ఉన్నవి ఒక్కోటీ ఉండాల్సినదానికన్నా పెద్దవి. ఐరన్ తక్కువైతే కణాలు చిన్నవవుతాయి. ఇలా పెద్దవయ్యాయంటే కణం పెరుగుతోంది కానీ రెండుగా చీలలేకపోతోందన్నమాట. చీలాలంటే ముందు తన డీఎన్ఏకి నకలు రాసుకోవాలి. ఆ రాతకి బి12 విటమిన్ కావాలి. అమ్మ ఒంట్లో అదే లేదు. నరాలకి తొడుగులా ఉండే పొర పాడవకుండా ఉండాలన్నా అదే కావాలి. చెప్పు ఊడిపోవడం, ముగ్గు వంకరపోవడం, పేర్లు మర్చిపోవడం, అన్నీ ఆ ఒక్క పద్దు కిందికే వచ్చాయి.

'మరి గుడ్డు, చేప, పెరుగు అన్నీ పెడుతున్నాను కదండీ?' అన్నాను. గొంతులో ఏడుపు. 'మీరు పెట్టారు. ఆవిడ తిన్నారు. లోపలికి చేరలేదు' అన్నారు డాక్టరుగారు.

ఆ లోపలి ప్రయాణం ఎలా ఉంటుందో తర్వాత కూర్చుని చదివాను. జర్నలిస్టు బుద్ధి, ఊరుకోదు కదా. మామూలు తిండి వ్యవహారం కాస్త తేలిక. అన్నం ముద్దని నోట్లో పెట్టుకుని కాసేపు నమిలితే తియ్యగా అవుతుంది చూడండి, లాలాజలం అక్కడే పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడుతోందన్నమాట. పప్పులో ప్రొటీను పప్పులాగే ఒంట్లోకి రాదు. మా ఊళ్లో పాత పెంకుటిళ్లు విప్పేటప్పుడు దూలాలు, తలుపులు, పెంకులు వేటికవి విడదీసి, మరో చోట కొత్త ఇల్లు కట్టుకుంటారు. కడుపూ అంతే. కందిపప్పుని అమైనో ఆమ్లాలుగా విడగొట్టి పంపిస్తే, ఒళ్లు వాటితో తన కండ, తన రక్తం, తన గోరు కట్టుకుంటుంది.

బి12 మాత్రం మహా పెళుసు. రోజుకి మనిషికి కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములు. గ్రాములో పది లక్షల వంతు మైక్రోగ్రాము. చిటికెడు అనడానికి కూడా లేదు. ఆ కాస్తా గుడ్డులోనో చేపలోనో ప్రొటీనుని కరుచుకుని ఉంటుంది. కడుపులో ఆమ్లం దాన్ని విడిపించాలి. తర్వాత కడుపు గోడలే స్రవించే ఓ ప్రొటీను దాన్ని చెయ్యి పట్టుకుని, చిన్నపేగు చిట్టచివర ఉన్న ఒకే ఒక్క రేవు దగ్గర దించాలి. అక్కడ తప్ప ఇంకెక్కడా అది సరిగ్గా గట్టెక్కదు. అమ్మ వేసుకునే గ్యాస్ మాత్ర ఆమ్లాన్ని అణిచేసింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే కొందరిలో ఆ రేవు దగ్గర అడ్డుపడుతుంది. మన కాలేయంలో దీని నిల్వ కొన్నేళ్లకి సరిపడా ఉంటుంది కాబట్టి ఇవాళ దారి మూసుకుపోతే ఇవాళే తెలియదు. గాదె అడుగంటాక తెలుస్తుంది.

ఇంకో తమాషా. ఈ విటమిన్‌ని మొక్కలు చేయవు, వాటికి దీంతో పనే లేదు. జంతువులూ చేయలేవు. బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవులే చేయాలి. ఆవు గడ్డి తింటుంది కదా, దాని పొట్టలోని బ్యాక్టీరియా ఆ గడ్డిలోని కోబాల్ట్ తీసుకుని చేసిపెడుతుంది. ఆస్ట్రేలియాలో కొన్ని తీరప్రాంతాల్లో పచ్చటి గడ్డి మేస్తూనే గొర్రెలు ఎండిపోయి చచ్చిపోయేవట. ఆ నేలలో కోబాల్ట్ లేదని 1930ల్లో తేలింది. రవ్వంత కోబాల్ట్ అందిస్తే తేరుకున్నాయి. కుందేలుదింకా చోద్యం. దాని బ్యాక్టీరియా కాపురం పేగు చివర్లో. అక్కడ తయారైన విటమిన్ పీల్చుకునే చోటు దాటిపోతుంది. అందుకని కుందేలు తన మెత్తటి పెంటికలని తనే మళ్లీ తింటుంది. ఇది విని మా అమ్మాయి రెండ్రోజులు అన్నం దగ్గర ముఖం చిట్లించింది. మన పెద్దపేగులోనూ ఆ బ్యాక్టీరియా ఉంది, అదీ బి12 చేస్తుంది, మనకీ రేవు దాటాకే! మనం కుందేలంత తెలివిగా లేం అనుకుని సర్దుకుపోవడమే.

వంటబట్టడం వేరే సంగతని లోకానికి తెలిసిన కథ ఇంకా బాగుంటుంది. వందేళ్ల కిందట పెర్నీషియస్ ఎనీమియా అని ఓ జబ్బుండేది. ప్రాణాంతకమైన రక్తహీనత అని దానర్థం. వస్తే చావే. 1926లో బోస్టన్‌లో జార్జ్ మైనాట్, విలియం మర్ఫీ అనే డాక్టర్లు రోగులకి రోజూ బోలెడు కాలేయం తినిపిస్తే బతుకుతున్నారని చూపించారు. 1934లో నోబెల్ కూడా వచ్చింది. అయితే మామూలు మాంసం తిన్నవాళ్లకి రాని ఈ జబ్బు, అదే మాంసం తింటున్న వీళ్లకెందుకు వస్తోంది? అదే ఊళ్లో విలియం కాజిల్ అనే కుర్ర డాక్టరుకి ఓ అనుమానం వచ్చింది. లోపం తిండిలో కాదేమో, రోగి కడుపులో ఉందేమోనని. 1920ల చివర్లో ఆయన చేసిన పని భోజనాల వేళ చదువుతుంటే క్షమించండి. పరగడుపున తను మూడొందల గ్రాముల మాంసం తిని, గంట తర్వాత దాన్ని బయటికి తెప్పించుకుని, గొట్టంతో రోగి కడుపులోకి పంపాడు. ఉత్త మాంసం తిన్నప్పుడు కదలని రోగి రక్తంలో, ఇలా పంపిన పది రోజుల్లో కొత్త కణాలు పుట్టుకొచ్చాయి! ఆరోగ్యవంతుడి కడుపులో ఏదో ఉంది, అది రోగి కడుపులో లేదు. ఆ 'ఏదో' నే నేను ఇందాక చెప్పిన చెయ్యిపట్టి నడిపించే ప్రొటీను. బి12 స్వయంగా దొరకడానికి మరో ఇరవయ్యేళ్లు, 1948 దాకా పట్టింది.

అమ్మది ఆ జబ్బు కాదు, దారి మూసుకుపోయిన కారణం వేరు. కానీ కాజిల్ కథ చదువుతుంటే నాకు వేరేదే గుర్తొచ్చింది. పళ్లు రాని నాకు తను నమిలి మెత్తచేసిన అన్నం పెట్టేదాన్నని అమ్మ చెప్పేది. ఇప్పటి డాక్టర్లు వింటే తిడతారు, సూక్ష్మక్రిములని. నిజమే అనుకోండి.

అదే రోజుల్లో అదే బోస్టన్‌లో మన మనిషొకాయన ఉన్నారు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. పాలకొల్లుకి కూతవేటు దూరం కాబట్టి చిన్నప్పుడు మా మాస్టార్లు ఆయన పేరు మా సొంత మేనమామ పేరులా చెప్పేవారు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. తింటున్నా ఆహారం పేగులోంచి ఒంట్లోకి చేరకపోవడమే ఆ జబ్బు. ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టారు. మీరు తిన్న ఏ ముద్దయినా, అన్నమైనా రొట్టెయినా, పనిచేసే శక్తిగా మారేటప్పుడు ఏటీపీ రూపంలోకి రావాల్సిందే. రెప్ప వేయడానికీ అదే, ముగ్గు లాగడానికీ అదే. మొక్కలోనూ, బ్యాక్టీరియాలోనూ, మనిషిలోనూ చెల్లే ఒకే నాణెం. తర్వాత 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకి పనికొచ్చే మందది. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకి! ఆయన 1948లో, బి12 బయటపడిన ఏడే కన్నుమూశారు.

ఆ ఫోలిక్ ఆమ్లం మాత్రలతోనే ఓ ప్రమాదమూ ఉందని డాక్టరుగారు హెచ్చరించారు. బి12 తక్కువైనవాళ్లకి అదొక్కటే ఇస్తే రక్తం పుంజుకున్నట్టు కనిపిస్తుందట. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. మా వీధిలో మందుల షాపులో 'బలానికి' అని అడిగితే చేతికొచ్చినది ఇచ్చేస్తారు. నేనూ అలా రెండు సీసాలు తెచ్చానప్పట్లో!

అమ్మకి ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మొదట వారం రోజుకోటి, తర్వాత వారానికోటి, ఇప్పుడు నెలకోటి. గ్యాస్ మాత్ర ఆపించారు. మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపలేదు. షుగరుకి అది కావాలి, దాన్ని ఎవరికివారు మానేయకూడదు, కాకపోతే ఏళ్ల తరబడి వాడేవాళ్లు అప్పుడప్పుడూ బి12 పరీక్ష చేయించుకోవాలి అన్నారు. ఆ మందు రంగు చూడాలి మీరు. దానిమ్మ గింజ ఎరుపు. గొర్రెల్ని బతికించిన కోబాల్టే ఇందులోనూ ఉంది. అమ్మ మొదటిసారి దాన్ని చూసి, 'ఇంత చక్కటి మందు కడుపులోకి పోయకుండా పిర్రకి పొడుస్తారేంటే' అంది. కడుపు దారి బాగుంటే ఇంత గొడవెందుకమ్మా అన్నాను. ఇద్దరం నవ్వాం. పళ్లెంలో ముద్ద వదిలేసిన రాత్రి తర్వాత మేం కలిసి నవ్వింది అప్పుడే.

ఆ రాత్రి గురించి క్షమించమని అడిగాను. 'దేనికే?' అంది. మర్చిపోయిందో, మర్చిపోయినట్టు నటించిందో తెలీదు. బి12 మీదికి నెట్టేశాను.

పది రోజుల్లో నాలుక మంట తగ్గింది. గోంగూర పచ్చడి అడిగింది. రెండు నెలలకి హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. అన్నయ్య చూడ్డానికి వచ్చి, 'బాగా పెడుతున్నావే' అన్నాడు. అప్పుడూ ఇప్పుడూ పెట్టింది అదేరా అని చెప్పబోయి ఊరుకున్నాను. మా అమ్మాయికి సైన్సులో అర మార్కు పోయింది. ఐదింటిలో నాలుగోది 'వంటబట్టడం' అని రాసొచ్చిందట. టీచరు ఎర్ర సిరాతో కొట్టేసి స్వాంగీకరణం అని రాశారు. అమ్మ ఆ కాగితాన్ని పంచాంగంలో దాచుకుంది.

నరాలు మాత్రం రక్తమంత తొందరగా తేరుకోవు, కొంత శాశ్వతంగా పోయి ఉండొచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. నేను ఇంకో ఆరు నెలలు ముందు తీసుకెళ్లుంటే ఎంత మిగిలేదో అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

కిందటి సంక్రాంతికి పొద్దున్నే లేచి తలుపు తీస్తే అమ్మ గుమ్మం ముందు కడిగిన నేల మీద నిలబడి ఉంది, చేతిలో ముగ్గుబుట్ట. ముగ్గు వేయట్లేదు. ఊరికే నిలబడి కాళ్ల వంక చూసుకుంటోంది. కంగారుపడి 'ఏమైందమ్మా?' అన్నాను.

'ఏం లేదే. గచ్చు చల్లగా ఉంది' అంది.

ఎడమ కాలి చివరి మూడు వేళ్లకి ఇంకా తెలియడం లేదు.